ఉప్పునీటి తొట్టి, వేలిమీద గడ్డ

"ఇంట్లో చేపలతొట్టి పెట్టుకుంటే రక్తపోటు తగ్గుతుందటగదా, నిజమేనా డాక్టరుగారూ?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. కొంత నిజమే. ఇంగ్లండులోని ప్లిమత్ అక్వేరియంలో పెద్ద తొట్టిని చూస్తూ నిలబడ్డవారికి నాడివేగం, రక్తపోటు కాస్త తగ్గినట్టు 2015లో ప్రకటించారు. కాస్తే సుమా! మాత్రలు మానేసేటంత కాదు. నేనూ ఆ మాత్రలు మింగేవాణ్ణే. తొట్టి పెట్టాక కూడా మింగుతూనే ఉన్నాను.

మంచినీటి తొట్టి పెట్టుకుని ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. నాకు సముద్రపు తొట్టి మీద మోజు పుట్టింది. విశాఖలో ఉంటూ సముద్రపు చేపలు లేకపోవడమేమిటని! 200 లీటర్ల తొట్టి కొన్నాను. నీళ్లే రెండు క్వింటాళ్లు. గాజు, రాళ్లు, బల్ల కలిస్తే మూడుకు దగ్గర. బాల్కనీలో పెడదామంటే మేస్త్రీ వద్దన్నాడు, అతని మాటే మంచిదైంది.

బీచికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చుకోవచ్చుగదా అంటారేమో. ఒడ్డు నీటిలో పడవల నూనె, ఊరి మురుగు కూడా ఉంటాయి. అందుకని సముద్రపు ఉప్పుల మిశ్రమం కొని, లీటరుకు 35 గ్రాముల లెక్కన ఆర్.ఓ. నీటిలో కలపాలి. నా తొట్టికి ఏడు కిలోలు పట్టింది. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు. ఇక పగడాలా? రాతిపగడాలను 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఎవరైనా చాటుగా అమ్మజూపితే ఆ కొట్టు మెట్లు దిగిపొండి. చేతితో చేసిన రాళ్లు, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు చాలు, కంటికి పండుగే.

నీళ్లు పోసిన పదోరోజునే రెండు చేపలు తెచ్చాను. నాలుగోరోజుకు రెండూ తేలిపోయాయి. చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. దాన్ని కొన్ని సూక్ష్మజీవులు నైట్రైటుగా, మరికొన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఆ జీవులు రాళ్లమీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవాలి. "ఆస్పత్రిలో అందరికీ ఓపిక పట్టమని చెబుతారు, మీ ఓపిక ఏమైందండీ?" అంది మా ఆవిడ. జవాబు లేదు.

చనిపోయిన చేపల్ని తీస్తూంటే రాయి గరుకుకు కుడిచెయ్యి చూపుడువేలి కణుపు గీరుకుంది. కుళాయి కింద కడుక్కుని మరిచిపోయాను. మూడు వారాల తర్వాత అక్కడ ఎర్రగా, శనగగింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ముల్లు విరిగి ఉంటుందనుకున్నాను. నాకు నేనే ఒక యాంటీబయాటిక్ రాసుకుని వారం మింగాను. తగ్గలేదు. ఇంకొకటి మింగాను. రెండో నెలలో ముంజేతిమీద మరో గడ్డ, దాని పైన ఇంకొకటి, పూసలు గుచ్చినట్టు వరుసగా లేచాయి. ముప్ఫై ఏళ్ల వైద్యం చేసినవాణ్ణి, అప్పటికిగాని భయం వేయలేదు.

చర్మవ్యాధుల విభాగంలో నాకంటే పదిహేనేళ్లు చిన్న డాక్టరమ్మ ఉంది. చెయ్యి చూసి ఒకే ప్రశ్న వేసింది: "సార్, ఇంట్లో చేపలున్నాయా?"

దాని పేరు మైకోబాక్టీరియం మెరైనమ్. క్షయ క్రిమికి దగ్గరి బంధువు. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల్లో ఆరన్సన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని మొదట గుర్తించాడు. దీనికి 30 డిగ్రీల చుట్టుపక్కల వేడి ఇష్టం, అందుకే చల్లగా ఉండే చేతులు, కాళ్లను పట్టుకుంటుంది. లాబరేటరీకి ముందే చెప్పకపోతే వారు 37 డిగ్రీల వద్ద పెంచజూస్తారు, ఏమీ మొలవదు, 'క్రిమి లేదు' అని రిపోర్టు వస్తుంది. నా విషయంలో ఆవిడ చీటీ మీద ఎర్రసిరాతో రాసి పంపింది. ముక్కతీసి పరీక్షించి, రెండు మందులు కలిపి నాలుగు నెలలు వాడించింది. గడ్డలు పోయాక కూడా నెలకు పైగా మానడానికి వీల్లేదంది. ఇది మనిషినుంచి మనిషికి అంటదు, ఇంట్లోవాళ్లు బెదరనక్కరలేదు. కాని వదిలేస్తే కీళ్లకు, ఎముకకు దిగవచ్చు.

మీకు చెప్పాలనుకున్న మాట ఇంకొకటి ఉంది. పూర్వం నేను పనిచేసిన తీరప్రాంతపు ఆస్పత్రికి వలలు లాగేవారు, రొయ్యల చెరువుల్లో పనిచేసేవారు వేళ్లమీద మానని పుళ్లతో వచ్చేవారు. ఒకాయన నెలలో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ అయిదేసి రోజుల మాత్రలిచ్చి పంపాను. మూడోసారి రాలేదు. పేరు గుర్తులేదు, ఆ వేలు మాత్రం గుర్తుంది. "ఏం పని చేస్తావు నాయనా?" అని అడగలేదు. అతనిది ఈ జబ్బే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను.

తొట్టిలో చెయ్యిపెట్టే ముందు చేతికి గాయం ఉందేమో చూసుకోండి. మోచేతిదాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. మధుమేహం అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు వాడేవారు ఆ పని వేరొకరికి అప్పగించండి. గొట్టంతో నీళ్లు తోడేటప్పుడు నోటితో పీల్చవద్దు. మూడు వారాలకూ మానని గడ్డ ఉంటే డాక్టరుకు చేపల సంగతి మీరే ముందుగా చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి. ఉప్పునీటిలో కరెంటు ఇట్టే పారుతుంది కనుక 30 మిల్లీయాంపియర్ల ట్రిప్ స్విచ్చి లేకుండా పంపు వేయవద్దు. రాళ్లకు అంటుకున్న బొత్తాముల్లాంటి జీవుల్ని వదిలించడానికి మరుగునీళ్లు పోయకండి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ఘోరవిషం ఉంటుంది. ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ దగ్గు, జ్వరం, ఆయాసాలతో ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి. దానికి విరుగుడు మందు లేదు.

నా తొట్టిలో ఇప్పుడు రెండు క్లౌన్ చేపలున్నాయి. ఈసారి ఏడు వారాలు ఆగాను. తొడుగులు తొట్టిపక్క మేకుకు వేలాడుతున్నాయి. వాటిని మా ఆవిడ తగిలించింది.