పుదుచ్చేరిలో ఒక గోల్కొండ

పుదుచ్చేరి పట్టణంలో సముద్రతీరాన్ని ఆనుకొని ఉన్న ఫ్రెంచి వాడలో వీధులు దారం పట్టి గీసినట్లు నిటారుగా సాగుతాయి. పసుపు, తెలుపు రంగుల గోడలు, ఎత్తయిన ద్వారాలు, ప్రహరీల మీదుగా వీధిలోకి ఒరిగే కాగితపు పూల తీగలు. యాత్రికులు వచ్చేది ఈ సొగసు చూడడానికే. ఇన్ని రంగుల నడుమ ఏ రంగూ పూయని కట్టడం ఒకటి ఉన్నది. బూడిదవన్నె కాంక్రీటు, దాని ముఖమంతటా క్రింది నుంచి పైదాకా అడ్డంగా పరచిన సన్నని రెక్కలు. వెతికినా అద్దాల కిటికీ ఒక్కటి కనిపించదు. తెలుగు యాత్రికుడు మాత్రం దాని పేరు వినగానే ఆగిపోతాడు. దాని పేరు గోల్కొండ.

పుదుచ్చేరితో తెలుగువారికి బంధుత్వం కొత్తది కాదు. గోదావరి ఒడ్డున కాకినాడకు చేరువలో ఉన్న యానాం ఈనాటికీ పుదుచ్చేరి పాలనలో ఒక భాగమే. కానీ ఈ భవనానికి గోల్కొండ పేరు వచ్చింది యానాం వలన కాదు, హైదరాబాదు వలన. 1930లలో శ్రీ అరవిందాశ్రమంలో సాధకుల సంఖ్య పెరిగి, వారికి నివాసం అవసరమయింది. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత పదవులు నిర్వహించిన సర్ అక్బర్ హైదరీకి ఆశ్రమం పట్ల భక్తి ఉండేది. ఆయన ప్రయత్నం వలన నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం లభించింది. ఆ కృతజ్ఞతకు గుర్తుగా, వజ్రాలకు పేరుపడిన కోట పేరును ఫ్రెంచి ఉచ్చారణలో మాతాజీ ఈ భవనానికి పెట్టారు.

భవనానికి రూపకల్పన చేసినవాడు ఆంటొనిన్ రేమండ్. 1888లో బొహీమియాలో పుట్టి, అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ వద్ద పనిచేసి, టోక్యోలో స్థిరపడిన వాస్తుశిల్పి. ఆయన కార్యాలయంలో పనిచేస్తున్న యువకుడు జార్జ్ నకషిమా స్వయంగా ముందుకు వచ్చి 1937లో నిర్మాణస్థలానికి చేరాడు. అతడు 1905లో అమెరికాలోని స్పోకేన్ నగరంలో జపనీయ కుటుంబంలో జన్మించాడు. మొదట అటవీశాస్త్రం చదివాడు, తరువాత వాస్తుశాస్త్రానికి మారాడు. మూడవవాడు చెక్ దేశీయుడైన ఫ్రాంటిషెక్ సామర్, పారిస్‌లో లె కొర్బూజియె వద్ద పనిచేసినవాడు. మూడు దేశాలు తిరిగిన విద్య ముగ్గురితో కలిసి ఒక చిన్న రేవు పట్టణానికి వచ్చింది.

పని చేయవలసినవారిలో చాలామందికి కాంక్రీటు అంటే ఏమిటో తెలియదు. ఆశ్రమ సాధకులు కూలి లేకుండా పనిచేసేవారు, కూలికి వచ్చిన స్థానికులూ ఉండేవారు. ఇటువంటి చేతులతో ఆధునిక భవనం కట్టడమెట్లా? అందుకు వారు ఎంచుకున్న మార్గం తొందరలేనిది. అసలు భవనానికి పూనుకొనే ముందు ఒక గదిని పూర్తి పరిమాణంలో నమూనాగా నిర్మించి చూశారు. గాలి ఎటు వస్తుంది, వెలుగు ఎంత పడుతుంది, తలుపు ఏ వైపు జరగాలి అన్నవి కాగితం మీద కాక కంటితో తేల్చుకున్నారు. తప్పు ఏదైనా ఉంటే అది ఒక్క గదిలో బయటపడాలి గాని సుమారు యాభై గదులలో కాదు.

కాంక్రీటు పనిలో ఒక విశేషమున్నది. చూసేవారికి అది రాతి పని, చేసేవారికి అది కొయ్య పని. ప్రతి గోడనూ, ప్రతి దూలాన్నీ ముందుగా చెక్కలతో అచ్చుగా కట్టాలి. తడి కాంక్రీటు ఆ అచ్చులో పడి, అచ్చులోని ప్రతి వంకరనూ, ప్రతి సందునూ శాశ్వతంగా తనలో నిలుపుకుంటుంది. వడ్రంగి చిత్రిక పట్టడంలో చేసిన పొరపాటు శిలాశాసనమవుతుంది. పూత లేని గోడకు తప్పు దాచుకునే చోటు లేదు. గోల్కొండ పైకప్పు మీద వరుసగా పరచిన వంపు తిరిగిన కాంక్రీటు పలకలు ఈ సంగతికి మంచి నిదర్శనం. అచ్చు ఒకటి సరిగా కుదిరితే పలకలన్నీ సరిగా వస్తాయి. శ్రమంతా మొదటిదాని ముందే ఉంటుంది.

ఈ సూత్రం కొయ్యపని వారికి అనాదిగా తెలిసినదే. యంత్రశాలలో దానికి జిగ్ అని పేరు. కోయవలసిన కొయ్యను ప్రతిసారీ ఒకే కోణంలో, ఒకే చోట పట్టి ఉంచే చట్రమే జిగ్. దాని ప్రయోజనం తెలియాలంటే బిలియర్డ్స్ ఆడే కర్రను గమనించాలి. ఆ కర్ర చూపుకు ఒకటే అయినా నిజానికి రెండు జాతుల కొయ్య. కొన వైపు మేపుల్ వంటి తేలికైన తెల్ల కొయ్య, పట్టుకునే వైపు జిట్రేగి వంటి బరువైన నల్ల కొయ్య. రెండింటి చివరలనూ పొడుగైన మొనలుగా కోసి, రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి చొప్పించినట్లు అతుకుతారు. పట్టీ రంపం మీద ఆ మొనలు కోయడానికి ముందు, పనివాడు కొయ్యను కొద్దిపాటి వాలులో పట్టి ఉంచే జిగ్ తయారు చేసుకుంటాడు. ఒక వైపు కోసి, కొయ్యను పావు మలుపు తిప్పి బిగించి, మళ్లీ కోస్తాడు. చట్రం సరిగా ఉంటే నాలుగు మొనలూ ఒకే పొడవుకు వస్తాయి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒక మొన పొడుగవుతుంది, ఇంకొకటి పొట్టిదవుతుంది. మధ్య మిగిలిన సందును బంక పూడుస్తుంది. బంక పలుచగా ఉన్నంతవరకే అతుకు గట్టిది. మందమైనప్పుడు అది కప్పిన తప్పు మాత్రమే. అందుకే మంచి పనివాడు కోయడానికి పట్టే సమయం కన్న చట్రం సరిచేయడానికి ఎక్కువ సమయం వెచ్చిస్తాడు.

గోల్కొండలోని టేకు తలుపుల ముందు నిలిచినవారికి ఈ మాట అర్థమవుతుంది. గదులకూ నడవకూ మధ్య ఉన్నవి పక్కకు జరిగే తలుపులు. సన్నని టేకు పట్టీలను ఒకదాని వెనుక ఒకటిగా, చాప అల్లిన తీరున అమర్చారు. గాలి ఆ పట్టీల సందుల గుండా దూరి వస్తుంది, చూపు మాత్రం దూరదు. సాధకునికి ఏకాంతం కావాలి, ఉక్కబోసే ఊరిలో గాలీ కావాలి. ఆ రెంటికీ రాజీ కుదిర్చింది ఈ తలుపే.

కొయ్య చచ్చిన వస్తువు కాదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. నిలువునా దాదాపు మార్పు లేకపోయినా, అడ్డంగా మారుతుంది. మాను వలయాల వెంబడి వచ్చే మార్పు, మధ్య నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు ఇంచుమించు రెట్టింపు. సముద్రతీరంలో ఈ ఉబ్బు ఏటేటా సాగే కథ. సహజమైన నూనె కలిగి, మార్పు తక్కువగా ఉండే టేకును ఎన్నుకోవడం అందుకే. వెడల్పాటి పలకకు బదులు సన్నని పట్టీలు వాడితే ప్రతి పట్టీ తనలో తాను కొద్దిగా మాత్రమే కదులుతుంది, తలుపు బిగుసుకుపోదు. అడవులను గురించి చదివిన యువకుడు ఆ పనికి రావడం భవనానికి కలిసివచ్చింది. గదులలోని మంచాలు, బల్లలు కూడా నకషిమా రూపకల్పనలే. తరువాతి కాలంలో ప్రపంచమంతా మెచ్చిన కొయ్యసామాను శిల్పి తన తొలి సామాను చేయించినది ఈ పుదుచ్చేరిలోనే.

తలుపులకూ రెక్కలకూ కావలసిన ఇత్తడి బిగింపులు బజారులో దొరికే రకం కాదు. వాటిని ఆశ్రమ పనిశాలలోనే పోతపోశారు. పాత ఇత్తడి పాత్రలు కరిగి పిడులుగా, బందులుగా మారాయి. ఆ పనితో ముడిపడి ఎదిగిన పనిశాలకు మాతాజీ హార్పగోన్ అని పేరు పెట్టారు. మోలియేర్ నాటకంలోని పరమ లోభి పేరది. ఏదీ వృథా కారాదనే నియమానికి ఇంతకన్న సరసమైన పేరు దొరకదు.

నేల మీద పరచినది నున్నగా మెరుగుపెట్టిన నల్లని కడప రాయి. ఎండలో నడిచివచ్చిన కాళ్లకు అది చలువ. పేరు గోల్కొండది, పాదాల క్రింది రాయి రాయలసీమది. తమిళ తీరంలో, ఫ్రెంచి పాలనలో, జపాను నుంచి వచ్చిన శిల్పుల చేతుల మీదుగా లేచిన భవనంలో తెలుగునేల ఈ విధంగా రెండు చోట్ల నిలిచింది.

ఉత్తర దక్షిణ ముఖాల వెంబడి ఉన్న రెక్కలు ఆస్బెస్టాస్ సిమెంటువి. ఇత్తడి పిడిని తిప్పితే ఒక వరుస మొత్తం తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఎండను ఆపి గాలిని పిలవడం, వాన జల్లును ఆపి వెలుగును రానీయడం ఇంట ఉన్నవారి చేతిలో పని. విద్యుత్తుతో గాలిని చల్లబరిచే యంత్రాలు ఇళ్లలోకి రాక మునుపే, ఈ వాతావరణంలో మనిషి హాయిగా ఉండడానికి యంత్రం అక్కరలేదని ఈ భవనం చూపింది.

ఇంతలో ప్రపంచం అతుకులు వీడసాగింది. రేమండ్ 1938లోనే పుదుచ్చేరి విడిచాడు. మాతాజీ, శ్రీ అరవిందుల శిష్యుడై సుందరానంద అనే పేరు పొందిన నకషిమా 1939లో వెళ్లిపోయాడు. ఆ ఏడే యుద్ధం మొదలయింది. సామర్ 1942లో బ్రిటిషు సైన్యంలో చేరడానికి కదిలాడు. ముగ్గురు శిల్పులూ వెళ్లిన తరువాత కూడా పని ఆగలేదు. గీసిన పటాలు, కట్టిన నమూనా, కుదిరిన అచ్చులు, అలవడిన చేతులు మిగిలాయి. వాటితోనే ఉన్నవారు యుద్ధకాలమంతా నిదానంగా సాగి భవనాన్ని ముగించారు. పని నేర్పినవాడు లేకపోయినా పని తప్పు పోకుండా ఉండడమే మంచి చట్రానికి పరీక్ష అయితే, గోల్కొండ ఆ పరీక్షలో నెగ్గింది.

అమెరికా చేరిన నకషిమాను యుద్ధం వదలలేదు. 1942లో పశ్చిమ తీరంలోని జపాను సంతతి వారిని నిర్బంధించినప్పుడు, భార్యతో, పసిబిడ్డతో అతడు ఐడహో రాష్ట్రంలోని మినిడోకా శిబిరం చేరాడు. ఆ ముళ్లకంచె లోపల గెంటారో హికోగావా అనే జపనీయ వడ్రంగి అతనికి గురువయ్యాడు. పారవేసిన చెక్కతో, ఉలితో, ఓర్పుతో సంప్రదాయ కుసిపనిని నేర్పాడు. 1943లో అతనిని శిబిరం నుంచి బయటికి రప్పించినవాడు పూర్వపు యజమాని రేమండే. పెన్సిల్వేనియాలో స్థిరపడిన నకషిమా ఆ తరువాత కొయ్యలోని పగులును దాచలేదు. సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో కోసిన చిన్న చెక్కను పగులుకు అడ్డంగా బిగించి, ఆ బిగింపు అందరికీ కనిపించేట్లు వదిలాడు. విడిపోయినదానిని కలిపిన గుర్తు సిగ్గుపడవలసినది కాదని అతని పని చెబుతుంది.

వృద్ధాప్యంలో అతనికి ఒక కోరిక కలిగింది. మహావృక్షాల కొయ్యతో శాంతి బల్లలు చేసి ఖండానికి ఒకటి చొప్పున నిలపాలని. మొదటిది 1986లో న్యూయార్కులోని సెయింట్ జాన్ కేథడ్రల్‌లో నిలిచింది. నకషిమా 1990లో కన్నుమూశాడు. అతని పనిని కుమార్తె కొనసాగించింది. 1996లో ఒక శాంతి బల్ల సముద్రాలు దాటి పుదుచ్చేరి పొరుగున ఉన్న ఆరోవిల్‌కు చేరింది. యువకుడుగా విడిచివెళ్లిన నేల దగ్గరికి అతని పని ఆ రూపంలో తిరిగివచ్చింది.

గోల్కొండ ఈనాటికీ నివాసగృహమే. అనుమతి లేనిదే లోనికి పోరాదు, పోయినవారు గట్టిగా మాట్లాడరాదు. సాయంకాలం కడలి గాలి తిరిగే వేళకు ఎవరో ఒకరు ఇత్తడి పిడిని తిప్పుతారు. రెక్కలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. టేకు తలుపు చప్పుడు లేకుండా పక్కకు జరుగుతుంది. ఎనభై ఏళ్ల తరువాత కూడా అది బిగుసుకోలేదు.