సంచిలో మిగిలిపోయిన ఎలిక్సిర్లు

మా అబ్బాయి సెలవుల్లో 'ఫైనల్ ఫాంటసీ 7' అనే వీడియో గేమ్ మొదటినుంచి చివరిదాకా ఆడాడు. 1997లో జపాన్ వాళ్ళు తెచ్చిన పాత ఆట. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కన కూర్చుని నేనూ చాలావరకు చూశాను.

అందులో దెబ్బలు తగిలితే వాడుకునే మందులుంటాయి. పోషన్ చవక, కొట్లో దొరుకుతుంది, 100 పాయింట్ల బలం ఇస్తుంది. ఎలిక్సిర్ అయితే 9999 ఉన్నవాడికైనా బలం, మంత్రశక్తి రెండూ నిండుగా నింపేస్తుంది. కానీ తేలిగ్గా దొరకదు. ఒక్కసారి వాడితే అయిపోయినట్టే.

ఆఖరి శత్రువు సెఫిరోత్ ఓడిపోయాడు, ఆట అయిపోయింది. చూస్తే వీడి సంచిలో ఎలిక్సిర్లు ఎక్కడివక్కడే!

"ఎందుకు వాడలేదురా?"

"ఇంకా పెద్ద ఫైట్ వస్తుందేమోనని అమ్మా."

ఈ జబ్బు చాలామంది ఆటగాళ్ళకి ఉందట. అందుకేనేమో, 2015లో వచ్చిన 'విచర్ 3'లో వాడేసిన మందు మళ్ళీ నిండుతుంది. సంచిలో కాస్త సారా ఉంచుకుని ధ్యానానికి కూర్చుంటే చాలు.

మన బీరువాలకి ఆ సదుపాయం లేదు. మా అమ్మ దగ్గర ఒక గద్వాల పట్టుచీర ఉండేది. ఏ పెళ్ళి వచ్చినా "దీనికెందుకులే, ఇంకా మంచి సందర్భం రానీ" అనేది. అమ్మ పోయాక మడత విప్పితే, మడత పడిన చోటల్లా పట్టు చివికిపోయి ఉంది. ఆటలో ఎలిక్సిర్ ఎన్నాళ్ళున్నా పాడవదు. చీర అలా కాదు కదా.

అలాగని దాచడమే తప్పని నేననను. అదే అమ్మ ఎవరికీ చెప్పకుండా దాచిన గొలుసు నాన్న ఆపరేషన్‌కి అక్కరకొచ్చింది. ఆ రోజు ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, మెడలో వేసుకోని గొలుసు తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ ఆటలో పోరాటంలో పడిపోయినవాళ్ళని లేపడానికి ఫీనిక్స్ డౌన్ అని ఒకటుంది. కానీ కథలో ఏరిత్ అనే అమ్మాయి చనిపోయినప్పుడు సంచిలో అవి ఎన్ని ఉన్నా పనికిరావు. ఆమె ఇక రాదు. అది చూసి మావాడు చాలాసేపు మాట్లాడలేదు. నాకూ అమ్మే గుర్తొచ్చింది.

అందుకే ఇప్పుడు నేను రెండు లెక్కలు వేసుకుంటున్నాను. ఆపదకి దాచాల్సినవి దాస్తాను, అవి వాడకుండా మిగిలిపోతే అదృష్టమే. సంతోషం కోసం కొన్నవి మాత్రం వాడేస్తాను. చుట్టాల కోసమని అటకెక్కించిన పింగాణీ కప్పులు ఆరూ దింపాను. రోజూ మా కాఫీ వాటిల్లోనే. మొన్న ఒకటి పగిలింది. ఇంకా అయిదున్నాయి.

మీ అటక మీద ఏమున్నాయో ఒకసారి చూడండి.