రెండు రీళ్లు... ఒక పెంకుటిల్లు

చూడ్డానికి సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది. లెన్స్ తీసేస్తే బరువు 400 గ్రాములు కూడా ఉండదు. పేరు లైకా సీఎల్. జర్మనీకి చెందిన లైట్జ్ కంపెనీ, జపాన్‌కు చెందిన మినోల్టా చేతులు కలిపి 1973లో తెచ్చిన బుల్లి రేంజ్‌ఫైండర్ కెమెరా ఇది. తయారైంది జపాన్‌లోనే. ముచ్చటగా మూడేళ్లకు తయారీ ఆగిపోయింది. అయినా ఫిల్మ్ కెమెరాలంటే చెవి కోసుకునేవాళ్లు ఇప్పటికీ దీనికోసం వెతుకుతూనే ఉంటారు.

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఒకాయనకు ఈమధ్య ఇది నెలరోజుల పాటు చేతికొచ్చింది. ఇచ్చింది ఎప్పుడో స్టూడియో మూసేసిన ఓ పెద్దాయన. 40 ఎం.ఎం., 90 ఎం.ఎం. లెన్సులు రెండూ చేతిలో పెట్టి ‘వాడి చూడు బాబూ. నచ్చితే ఉంచుకో, డబ్బుల సంగతి తర్వాత. తొందరపడితే మాత్రం ఇది మాట వినదు’ అన్నారట.

తొందర లేకుండా ఎలా? తెనాలిలో ఆయన పుట్టి పెరిగిన పెంకుటిల్లు ఆ నెలాఖరుకు బిల్డరు చేతికి వెళ్లిపోతోంది. అందులో ఒంటరిగా ఉంటున్న అమ్మ కొడుకు ఫ్లాటుకు వచ్చేస్తోంది. అరుగు, వసారా, బావి గిలక, గోడ మీద పిల్లల ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలు... అన్నీ ఫొటోల్లోనే మిగలాలి. ఆయన దగ్గరున్నది 36 ఫొటోల రీళ్లు రెండంటే రెండు!

రెండు బొమ్మలు ఒకటైతే...

మామూలు ఎస్సెల్లార్ కెమెరాలో లెన్స్ చూసేదే మన కంటికీ కనిపిస్తుంది. మధ్యలో ఓ అద్దం ఉండి ఆ దృశ్యాన్ని పైకి పంపుతుంది. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దమే ఉండదు. లెన్స్‌తో సంబంధం లేని వేరే కిటికీలోంచి చూడాలి. పక్కనే ఇంకో చిన్న కిటికీ. రెండూ చూసిన బొమ్మలు మధ్యలో ఒకదాని మీద ఒకటి పడతాయి. లెన్స్ రింగు తిప్పుతుంటే విడిగా ఉన్న ఆ రెండూ దగ్గరకు జరిగి ఒకటైపోతాయి. అదే ఫోకస్!

అద్దం లేదు కాబట్టి అది ఎగిరిపడే చప్పుడూ ఉండదు. పైగా ఫొటోలోకి రాబోయే మేర మాత్రమే గీతల గడిలో ఉంటుంది, దాని చుట్టుపక్కలా కనిపిస్తుంది. నడిచి వస్తున్న మనిషి గడిలోకి అడుగుపెట్టక ముందే తెలిసిపోతాడు. వీధుల్లో, జనంలో తిరిగే ఫొటోగ్రాఫర్లు ఈ తరహా కెమెరాలను అంతగా ప్రేమించింది అందుకే. 1948లో మహాత్ముడి అంతిమయాత్రను చిత్రించిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెస్సాన్ చేతిలో ఉన్నదీ లైకానే.

అమ్మ చెవి మిషన్ బ్యాటరీ

సీఎల్‌లో వెలుతురు కొలిచే మీటరు ఉంది. ఫిల్మ్ తిప్పే లీవరును కాస్త బయటికి లాగితే అది మేల్కొంటుంది. లోపల ఓ సూది కదులుతుంది. దాన్ని నడిమి గుర్తు దగ్గరకు తెస్తే ఎక్స్‌పోజరు సరిపోయినట్టే. చిక్కల్లా బ్యాటరీతోనే. అప్పట్లో వాడిన పాదరసం బ్యాటరీల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. అదే సైజులో దొరికే ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే వోల్టేజి తేడాతో సూది తప్పుదోవ పట్టిస్తుంది. దీనికి తెలిసినవాళ్లు చెప్పే ఉపాయం... వినికిడి మిషన్లలో వేసే జింక్-ఎయిర్ బ్యాటరీ.

‘అమ్మా, నీ చెవి మిషన్ బ్యాటరీ ఒకటివ్వవా’ అని అడిగితే ఆవిడ నవ్వేసింది. ‘దానికీ చెవుడేనట్రా?’

చుట్టూ రబ్బరు రింగు తొడిగి వేస్తే సూది చక్కగా కదిలింది.

40తో ఇల్లు, 90తో అమ్మ

మొదటి రీలు ఇంటికి. 40 ఎం.ఎం. లెన్స్ మరీ వెడల్పూ కాదు, మరీ ఇరుకూ కాదు. వసారాలో నిలబడి చూస్తే ఏం కనిపిస్తుందో దాదాపు అంతా వస్తుంది. అపర్చరు 2 వరకూ తెరుచుకుంటుంది కాబట్టి మసక వెలుతురులోనూ పని జరుగుతుంది. ఒక్కో ఫొటోకి ముందు ‘ఇది తీయాలా, వద్దా’ అని ఆలోచించాల్సిందే. దేవుడి గూడుకి ఒకటి చాలు. పెన్సిలు గీతలకు రెండు.

రెండో రీలు సగానికి పైగా అమ్మకి. ఫోను ఎత్తితే చాలు బిగుసుకుపోయే మనిషి, ఈ పెట్టెను చూసి మాత్రం కెమెరా సంగతే మరచిపోయింది. ఆయన రింగు తిప్పుతున్నంతసేపూ ‘ఎంతసేపురా, కాఫీ చల్లారిపోతోంది’ అంటూనే ఉంది.

90 ఎం.ఎం. లెన్స్‌తోనే ఇబ్బంది. మీటరు దూరం నుంచి అపర్చరు 4 దగ్గర తీస్తే స్పష్టంగా వచ్చే లోతు రెండు మూడు సెంటీమీటర్లే. దూరాన్ని కొలిచే రెండు కిటికీల మధ్య ఎడం పెద్ద లైకా ఎం3లో దాదాపు ఏడు సెంటీమీటర్లు. ఇందులో మూడు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ ఎడం తగ్గేకొద్దీ కొలతలో కచ్చితత్వమూ తగ్గుతుంది. కెమెరా చిన్నదైనందుకు చెల్లించే మూల్యం అది.

పది రోజుల నిరీక్షణ

రీళ్లు కొరియర్‌లో ల్యాబుకు వెళ్లాయి. స్కాన్లు వచ్చేసరికి పది రోజులు పట్టింది. అప్పటికి పైకప్పు పెంకులు దింపేశారు. మళ్లీ తీద్దామన్నా అక్కడేమీ లేదు.

90తో తీసిన 12 ఫొటోల్లో కళ్లు స్పష్టంగా వచ్చినవి అయిదు. కొన్నింటిలో చెవి దిద్దులు మెరుస్తున్నాయి కానీ చూపు మసకబారింది. చీకటి వంటింటి ఫొటో అసలు రాలేదు. దాన్ని ఫోనే బాగా తీసింది. ఫోనులో ఆ రెండు రోజుల్లో తీసినవి 300 పైనే ఉన్నాయి. నాలుగు చూసి ‘అన్నీ ఒకటేగా’ అని పక్కన పెట్టేసింది అమ్మ. 40తో తీసినవి మాత్రం కాగితం మీద వేయించి ఇస్తే, ఒక్కోదాన్నీ వెలుతురులోకి జరిపి జరిపి చూసింది. పెన్సిలు గీతల దగ్గర ఆగి, ‘పై గీత నీది కాదురా, అన్నయ్యది’ అంది.

నెల గడిచాక ఆయన 90 లెన్స్‌ని పెద్దాయనకు తిరిగిచ్చేశారు. కెమెరానూ, 40నీ ఉంచుకున్నారు. ఎందుకని పెద్దాయన అడగలేదు. ఆ రెండు కిటికీల మధ్య ఎడం ఎంతో ఆయనకు తెలుసు.