పూర్వపరిశోధనల అధ్యాయము

పండ్ల విపణులను గూర్చి పరిశోధింపబూనిన యువమిత్రులు కొందరు, పూర్వపరిశోధనల సమీక్షను కేవలము లాంఛనముగా నెంచి, ఫలానావారు ఫలానా యేట ఇట్లు చెప్పిరని ఒకదాని క్రింద నొకటి పేర్చి ముగించుట చూడగా నాకు నిజముగా బాధ కలుగుచున్నది.

హైదరాబాదు చెంత నున్న మన బాటసింగారము పండ్ల మార్కెట్టునే తీసికొందము. 2021 వరకు కొత్తపేట చెంత గడ్డిఅన్నారమున నుండిన ఆ విపణి, పిమ్మట విజయవాడ రహదారి ప్రక్కకు తరలివచ్చినది. కావున సిద్ధాంతగ్రంథముల అంతర్జాల భాండారమగు శోధగంగలో బాటసింగారమని మాత్రమే వెదకువానికి పూర్వచరిత్ర చిక్కదు, గడ్డిఅన్నారమనియు కొత్తపేటయనియు ఆంగ్లవర్ణక్రమము మార్చి మార్చి వెదకవలసినదే. దొరికినదానిని చదువునపుడైనను తేదీ చూడవలెను: కార్బైడుతో కాయలు మాగవేయుట నిషిద్ధము, ఎథిలీను వాయువునకు మిలియనుకు 100 పాళ్ల వరకు అనుమతి కలదు, ఆ అనుమతికి పూర్వము వ్రాసినదానిని నేటి స్థితిగా ఉదాహరించుట తగదు. కమీషన్ ఏజెంటు పద్దులు చూచినవాడును, రైతు నడిగిన పరిశోధకుడును భిన్న నిర్ణయములకు వచ్చినచో, ఆ భేదమెచ్చట పుట్టినదో తర్కించుటయే సమీక్షకు ప్రాణమని నా దృఢవిశ్వాసము.

ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు ఊరూర తిరిగి జానపదగేయములు సేకరించి సిద్ధాంతగ్రంథము వ్రాసిన 1950ల నాటికి ఇట్టి వెదకులాటకు సాధనములే అరుదు. నేడవి అరచేతిలో నున్నవి.

ఇట్లు తర్కించుచు చదివినవారికి కొత్త ప్రశ్నలు తోచును. దిల్‌సుఖ్‌నగరులో తోపుడుబండిపై బత్తాయిలమ్ము చిరువర్తకునకు, మార్కెట్టు దూరమైన పిదప తెల్లవారుజామున ఆటోకిరాయి ఎంత పెరిగినదో, ఆ భారమును తానే మోయుచున్నాడో, కొనువారిపై వేయుచున్నాడో, ఎవరైన విచారింపరా?