కోట ముంగిట బజారు

విజయనగరమున కోట ముంగిటికిని, మూడు లాంతర్లకును, గంటస్తంభమునకును నడుమనున్న బజారు మిక్కిలి ప్రాతది. 1713లో కోట వెలసిన పిమ్మట దాని నీడలోనే వర్తకము పెరిగినది. దానితోపాటు చదువును పెరిగినది. 1857లో పాఠశాలగా ఆరంభమైన మహారాజావారి విద్యాలయము 1879లో కళాశాలయైనది. గురజాడ అప్పారావుగారు అందు చదివి, అందే బోధించిరి. 1919లో సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు.

ఊరి బజారునకును విద్యార్థికిని గల చుట్టరికము కొనుగోలుతో ముగియునది కాదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చిన్నవయసున సంగీతము నేర్వగోరి ఈ పట్టణమునకు చేరిరి. భోజనవసతి లేక, జోలె పట్టి ఇంటింట మధూకరమెత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ విద్య నభ్యసించిరి. ఆ జోలెలో అన్నము వేసిన గృహిణుల పేర్లు ఏ చరిత్రలోను లేవు.

ఇప్పుడా వీధులలో నడచుటయే కష్టమైనది. మోటారు సైకిళ్లు, ఆటోలు, దుకాణము వెలుపలికి జరిగిన సరకులు. నడచువానికి మిగిలినది మురుగుకాలువ గట్టు. పుస్తకములు కొనవచ్చిన బాలిక నిలుచుటకు చోటు లేక మరలిపోయినచో ఆ నష్టము వర్తకునిదే. వీధిని వెడల్పు చేయుటయే మందని కొందరందురు. వెడల్పైన వీధిలో బండ్లు వేగముగా పోవును; వేగముగా పోవువాడు ఆగి బేరమాడునా? 2020లో సుందరీకరణ పనులలో మూడు లాంతర్ల పాత కట్టడమును తొలగించినప్పుడు పట్టణమున ఎంతో కలకలము రేగినది. పేరు మాత్రము పోలేదు. ఆటోవాడు నేటికిని "మూడు లాంతర్లు" అనియే కేకవేయును.

అసలు ఆ దారి నిజముగా ఇరుకేనా? విజయదశమి వెళ్లిన తొలి మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమాను ఆలయము నుండి కోట వరకు ముమ్మారు తిరుగును. లక్షల జనము చేరుదురు. ఆనాడు బండ్లు ఆగిపోవును. అదే దారి అందరిని ఇముడ్చుకొనును. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1962లో ప్రధానమైన అంగడివీధికి మోటారుబండ్లను రానీయక ఆపిరి. వర్తకులు తొలుత గగ్గోలు పెట్టిరి. పిదప జనము నడచివచ్చుట హెచ్చి, బేరములును పెరిగినవి. అది చలిదేశము. ఎండ మండు మన సీమలో అట్టి పని సాగవలెనన్న ముందుగా చెట్లో, పందిళ్లో కావలెను; సరకులు దించుకొనుటకు తెల్లవారుజామున బండ్లను విడువవలెను.

ఇక తోపుడు బండ్లవారి మాట. వారిని తరిమినచో వీధి బాగుపడునని తలచువారు కలరు. చవుకగా కడుపు నింపుకొను విద్యార్థి నడిగి చూచిన తెలియును. 2014 నాటి చట్టము ప్రకారము బండ్లకు చోటు విచారించు పట్టణ సంఘమున నూటికి 40 మందికి తక్కువ కాకుండ వీధి వర్తకులే యుండవలెను; వారిలో మూడవవంతు స్త్రీలు. ఉడికించిన వేరుసెనగలు అమ్ముకొను ముసలమ్మయైనను, తోటివారు ఎన్నుకొన్నచో, అధికారుల సరసన కూర్చుండి ఆ బండ్లు ఎచ్చట నిలువవలెనో చెప్పవచ్చును.