తోక కాదు, కడుపు

జూన్ వస్తే గుత్తిలో అందరి కళ్లూ ఆకాశం మీదే. మా అత్తమ్మకు మాత్రం మబ్బుల కన్నా తూనీగల మీద నమ్మకం ఎక్కువ. "కింద కిందనే తిరుగుతాండాయి సూడు, వానొస్తాది" అంటుంది. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి ఊరించి పోతుంది. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా కదండీ మాది!

ఈసారి తూనీగలు కనబడగానే మావాడు నా కుట్టుమిషను డబ్బాలోంచి దారం తీశాడు. తోకకు కట్టి ఎగరేస్తాడట. మనమందరం ఆడిన ఆటే. కసిరితే వినే వయసు కాదు వాడిది. "కట్టే ముందు ఒకసారి బాగా చూడరా" అన్నాను. కంప మీద వాలినదాన్ని ఇద్దరం వంగి చూశాం.

తలంతా కళ్లే. కొన్ని రకాలకు ఒక్కో కంటిలో 28,000 దాకా చిన్న కళ్లుంటాయట. వెనక నుంచి పోయినా దొరకనిది అందుకే. 4 రెక్కలనూ దేనికది ఆడించగలదు కాబట్టి గాలిలో నిలబడుతుంది, వెనక్కీ పోతుంది. 6 కాళ్లున్నా నడక చేతకాదు. ఆ కాళ్లను బుట్టలా చేసి, ఎగురుతూనే దోమల్ని పట్టి తింటుంది. మనల్ని కుట్టదు.

ఇక మనం దారం కట్టేది తోకకు కాదు, దాని కడుపుకు. ఊపిరి తీసుకునే రంధ్రాలు అక్కడా ఉంటాయి. ఆడ తూనీగ ఆ కడుపు కొసను నీళ్లలో ముంచి ముంచి గుడ్లు పెడుతుంది. పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమపిల్లల్ని తింటాయి.

వానలప్పుడు గుంపులుగా వచ్చే పసుపు తూనీగలది మరీ తొందర. కుంట ఎండేలోగా, నెలన్నర రెండు నెలల్లో, పిల్లకు రెక్కలు రావాలి. ఒక్కోసారి కారు మీది మెరుపునే నీళ్లనుకుని గుడ్లు పెట్టేస్తాయి. ఆ మాట వినగానే అత్తమ్మ "అయ్యో తల్లీ" అంది.

వానలయ్యాక ఈ రకం తూనీగలు మాల్దీవుల మీదుగా సముద్రం దాటి ఆఫ్రికాకు వెళతాయని, అప్పట్లో మాల్దీవుల్లో ఉన్న చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో రాశారు. తిరిగి వచ్చేది వెళ్లినవి కావు, వాటి తర్వాతి తరాలు. వాన లేకపోతే బెంగళూరు రైలెక్కే మన ఊళ్లకు వలస కొత్తదా చెప్పండి!

మావాడు "దీని కడుపులో గుడ్లున్నాయేమోమ్మా" అని దారం నా చేతిలో పెట్టాడు.

ఇంట్లో డ్రమ్ములకు మూతలు పెట్టుకుందాం, వారానికోసారి కడుగుదాం, దోమలతో రాజీ వద్దు. ఊరి బయట కుంటలో మాత్రం చెత్త పోయకుండా చూద్దాం. ఆ కాసిన్ని నీళ్లే వాటి పురిటిల్లు.