చింతగింజల సర్జరీ

మా మేనల్లుడు సర్జరీలో పీజీ చేస్తున్నాడు. ఆదివారం మా ఇంటికొస్తే నాతో కన్నా ఒక అట్టపెట్టెతో ఎక్కువ కాలక్షేపం చేస్తాడు. చెప్పుల పెట్టెకు రెండు చిల్లులు పొడిచి, లోపల చిన్న కెమెరా అమర్చి లాప్‌టాప్‌కు తగిలించాడు. చిల్లుల్లోంచి పొడుగాటి పరికరాలు రెండు దూర్చి, తెర మీద చూస్తూ చింతగింజల్ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చాలి.

"ఇందులో ఏముందిరా" అని నేనూ కూర్చున్నాను. పది నిమిషాలకు ఒక్క గింజా మారలేదు. చెయ్యి కుడికి జరిపితే కొన ఎడమకు పోతుంది. చిల్లు దగ్గర ఏతం కర్రలా తిరుగుతుంది గనక అంతే మావయ్యా అన్నాడు. పైగా తెరకు లోతు లేదు. గింజ ఎంత దూరంలో ఉందో కంటికి అందదు.

సాధన కొత్తదేం కాదు. సుశ్రుతుడు శిష్యులచేత ముందు గుమ్మడి, సొర, దోసకాయల మీద కోతలు కోయించేవాడు. మధ్యలో ఆ గుమ్మడికాయలు ఎక్కడికి పోయాయో! జర్మనీలో ఎరిక్ మ్యూహె 1985లో లాప్రోస్కోపుతో పిత్తాశయం తీశాడు. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ ఉద్వాడియా తీశారు. ఆ తర్వాత అందరూ నేర్చుకోవడం మొదలెట్టారు. ఎవరి మీద? మా బ్యాంకులో క్యాషియరు లెక్క తప్పితే తన జేబులోంచి కట్టుకుంటాడు. ఇక్కడ కట్టేది రోగి, అందులోనూ ఎదురు ప్రశ్న వేయని జనరల్ వార్డు రోగి. కామర్స్ చదివినవాణ్ణి, నాకు ఆ పద్దు మింగుడుపడదు.

2002లో యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది జూనియర్ సర్జన్లను రెండు జట్లు చేశారు. ముందుగా కంప్యూటర్ సిమ్యులేటర్ మీద చెయ్యి తిప్పిన జట్టు పిత్తాశయాన్ని 29 శాతం వేగంగా విడదీసింది. తప్పులు రెండో జట్టులో ఆరింతలు. అమెరికాలో ఎఫ్.ఎల్.ఎస్. అనే పరీక్షే ఉంది. అందులో ఆరు రబ్బరు ముక్కల్ని 300 సెకన్లలో అటు మార్చి, మళ్ళీ ఇటు మార్చాలి. మావాడి చింతగింజలు దానికి పేద చుట్టాలు. మన బెంగళూరులో రామయ్య అడ్వాన్స్‌డ్ లెర్నింగ్ సెంటర్‌లో సిమ్యులేటర్లూ ఉన్నాయి, మృతదేహాల మీద సాధనా ఉంది. అయితే మంచి యంత్రం ఖరీదు లక్షల్లో. ఊళ్ళలోని ఆసుపత్రులకు చెప్పుల పెట్టే గతి.

ఇదంతా నేనెందుకు పట్టించుకున్నానంటే, మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్ళు. వచ్చే నెల ఆపరేషన్. మొన్న సర్జన్‌గారిని తిన్నగా అడిగేసింది:

"పరికరం పట్టేది మీరేనా, మీ శిష్యులా?"

ఆయన నొచ్చుకోలేదు. "పరికరం నేనేనమ్మా. కెమెరా మాత్రం ఒక అమ్మాయి పడుతుంది."

"ఆ అమ్మాయి ఎక్కడ నేర్చుకుంది?"

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని చెప్పడం మొదలుపెట్టారు.